ఎర్రబడే ముఖాలు

మా నాన్న అన్నవాహిక క్యాన్సర్‌తో పోయాడు. చివరి మూడు నెలలు గంజినీళ్ళు కూడా గొంతు దిగలేదు. అలాంటి మనిషి సంవత్సరీకం నాడు మా ఇంట్లో పొద్దున పదిన్నరకల్లా సారా సీసా మూత తీస్తారు. ముందు ఆయన పటం ఎదురుగా మూడు చిన్న గిన్నెల్లో పోసి, అగరొత్తులు వెలిగించి, "తమ్ముడూ, వచ్చి పుచ్చుకో" అంటాడు మా పెదనాన్న థొంగ్. ఆ తరవాత చాప మీద కూర్చున్న మగవాళ్ళందరికీ పోస్తాడు. ఎనిమిదేళ్ళుగా ఇదే తంతు. మొదటి ఆరేళ్ళూ నేను వంటింటి గడపలో నిలబడి పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను.

నా పేరు లువా. హనోయ్‌కి దక్షిణాన ఉన్న నామ్‌దిన్ పట్టణంలో ఒక ఆసుపత్రిలో నర్సుని. నోట్లోంచి గొట్టం పంపి లోపల చూసే ఎండోస్కోపీ విభాగంలో పద్దెనిమిదేళ్ళ నుంచి పని. పొద్దున్నే పరగడుపున వచ్చి వరసగా కూర్చునే వాళ్ళని ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, "మింగండి, ఇంకోసారి మింగండి" అంటూ ఉంటాను. ఊళ్ళో సగంమంది గొంతులు నాకు తెలుసు. సొంత అన్నని మాత్రం చాలాకాలం ఆ బల్లదాకా తీసుకురాలేకపోయాను.

మా అన్నయ్య హియెప్ నాకంటే ఐదేళ్ళు పెద్ద. ఇటుకల ఫ్యాక్టరీలో అమ్మకాలు చూసేవాడు. అమ్మకాలంటే ఇటుకలు చూపించడం కాదు. గుత్తేదార్లని మధ్యాహ్నం భోజనానికి తీసుకెళ్ళి, వాళ్ళతో సమానంగా తాగడం. గిన్నె ఎత్తి "వంద శాతం!" అన్నారంటే అడుగు కనబడేదాకా దించకూడదు. దించాక చేతులు కలపాలి. మళ్ళీ పోయాలి. రెండో గిన్నెకే అన్నయ్య ముఖం పండుమిరపకాయలా అయిపోయేది. చెవులు, మెడ, ఆఖరికి కనురెప్పలు కూడా. వాళ్ళ యజమానికి అది చూస్తే మహా ముద్దు. "మా హియెప్ ముఖం చూడండి. లోపలొకటి బయటొకటి లేదు. ఎర్రబడేవాడి మాట నమ్మొచ్చు" అంటూ కొత్త గుత్తేదార్ల ముందు వాణ్ణే కూర్చోబెట్టేవాడు.

నాన్న కూడా అచ్చం అలాగే ఎర్రబడేవాడు. ఆ ముఖాన్నీ అందరూ మెచ్చుకున్నారు. యాభై ఎనిమిదేళ్ళకి ఆ ముఖంలో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు.

రెండేళ్ళ కిందట హనోయ్ నుంచి కొందరు పరిశోధకులు మా ఆసుపత్రికి వచ్చారు. అన్నవాహిక క్యాన్సర్ వచ్చినవాళ్ళ పిల్లల దగ్గర ఉమ్మి తీసుకుని జన్యువులు చూస్తారట. నేను ఆ రోజే ఇచ్చాను. అన్నయ్య చేత ఒక గొట్టంలో ఉమ్మించడానికి రెండు వారాలు తిరిగాను. "రోడ్డు మీద ఉమ్మితే తిడతావు, ఇప్పుడేమో ఉమ్మమని వెంటపడతావు" అన్నాడు. చివరికి వాళ్ళింటి పెరట్లో నిలబెట్టి, ఉమ్మేదాకా బండి తాళం ఇవ్వలేదు.

ఫలితాలు వచ్చాక మా విభాగం పెద్ద, డాక్టర్ ఖుయె, నన్ను గదిలోకి పిలిచింది. ఆమె ఒక విషయం చెప్పాలంటే ముందు కళ్ళజోడు తీసి బల్ల మీద పెడుతుంది.

"సారా కడుపులోకి పోయాక ఒళ్ళు దాన్ని ముందు ఒక విషంగా మారుస్తుంది. తరవాత ఆ విషాన్ని ఇంకో పదార్థం కడిగేస్తుంది. ఆ కడిగే పదార్థం ఎలా తయారుచెయ్యాలో చెప్పే రాత మనకి రెండు ప్రతులుగా వస్తుంది. అమ్మ దగ్గర ఒకటి, నాన్న దగ్గర ఒకటి. నీకు వచ్చిన రెండూ చెడినవే లువా. మీ అన్నయ్యకి ఒకటి చెడింది, ఒకటి బాగుంది."

"అంటే నాకే ప్రమాదం ఎక్కువా?"

"నువ్వు తాగగలవా?"

"ఐదో నెల పండక్కి సారాలా పులియబెట్టిన బంకన్నం ఒక చెంచా తింటేనే గుండె దడదడ కొట్టుకుంటుంది డాక్టరుగారూ."

"మరింకేం? నీ ఒళ్ళు నిన్ను తాగనివ్వదు. నీకు భయం లేదు. మీ అన్నయ్య ఒళ్ళు కూడా వద్దనే అంటుంది, కానీ గట్టిగా అనదు. బతిమాలితే ఒప్పుకుంటుంది. ఇరవై ఏళ్ళు బతిమాలాడు కాబట్టి అలవాటు పడింది. విషం మాత్రం కడిగినంత కడగ్గా మిగిలింది గొంతులో, అన్నవాహికలో రోజూ పనిచేస్తూనే ఉంటుంది. ఈ రోగం ఎక్కువగా వచ్చేది అలాంటివాళ్ళకే. ఒక చెడ్డ ప్రతి పెట్టుకుని తాగడం నేర్చుకున్నవాళ్ళకి."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియదు. "ఇంత చెడ్డదైతే ఇన్ని తరాలు ఎందుకు మిగిలింది? పోవాలి కదా?" అన్నాను.

ఆమె నవ్వింది. "తాగకపోతే అది చెడ్డదే కాదుగా. కొన్ని వేల ఏళ్ళ కిందట మనకి ఉత్తరాన, వరి పండే చోట, ఎవరో ఒక్కరిలో ఒక్క అక్షరం మారింది. ఆ ఒక్కరి సంతానమే ఇవాళ ఇన్ని కోట్లమంది. గింజలు మిగిలి సారా కాయడం వచ్చాక, తాగలేనివాళ్ళు బాగుపడి ఎక్కువమందిని కన్నారని కొందరంటారు. ఏదో అంటురోగం నుంచి కాపాడిందని ఇంకొందరంటారు. ఇదీ అని తేల్చినవాళ్ళు లేరు. ఒకటి మాత్రం నిజం. ఈ క్యాన్సర్ వచ్చేది యాభై దగ్గరపడ్డాక. అప్పటికి పిల్లలు పుట్టేసి ఉంటారు, ఆ అక్షరం వాళ్ళకి వెళ్ళిపోయి ఉంటుంది. ఆ తరవాత మనిషి ఏమైతే ప్రకృతికేంటి?"

"ప్రకృతికి లేకపోతే పోయింది, నాకుంది" అన్నాను.

ఆ సాయంత్రమే అన్నయ్య ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. బొమ్మ కూడా గీశాను. వాడు శ్రద్ధగా విన్నాడు. తల ఊపాడు. చివర్లో అన్నాడు కదా, "అయితే నాది సగం మంచిదేగా! పూర్తిగా పాడైపోయింది నువ్వేనే. పాపం."

"అన్నయ్యా, నేను చెప్పిందేంటి, నువ్వు విన్నదేంటి?"

"విన్నానులేవే. కానీ మొదట్లో రెండో గిన్నెకే ఎర్రబడేవాణ్ణి. ఇప్పుడు నాలుగు పడాలి. అంటే ఒళ్ళు బాగుపడుతున్నట్టే కదా?"

వంటింట్లోంచి దావో వదిన గిన్నె ఠక్కున పెట్టిన చప్పుడు వినిపించింది. నేను వెళ్ళేటప్పుడు గుమ్మందాకా వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "నాలుగు గిన్నెలదాకా ఆగుతున్నది ఒళ్ళు బాగుపడి కాదమ్మా. భోజనానికి వెళ్ళేముందు కడుపుమంట మాత్ర ఒకటి వేసుకుంటాడు. అది వేసుకుంటే ఎరుపు తగ్గుతుందని ఆఫీసులో ఎవరో చెప్పారట. జేబునిండా అవే."

ఇంట్లో దొంగలు పడ్డారని అరిచే కుక్క నోరు కట్టేసి, ఇల్లు భద్రంగా ఉందనుకోవడం లాంటిది ఇది. మర్నాడు ఫోన్ చేసి అదే చెప్పాను. "కుక్క అంటావేంటే నన్ను?" అన్నాడు.

ఆ తరవాత ఒక ఏడాదిపాటు గొట్టం పరీక్షకి నేను పెట్టని తేదీ లేదు, వాడు చెప్పని సాకు లేదు. బట్టీ ఆరింది, లెక్కల తనిఖీ, కూతురి పరీక్షలు, వాన. "నాకేం నొప్పిలేదు, అన్నం హాయిగా దిగుతోంది, గొట్టం ఎందుకు?" అనేవాడు. అన్నం దిగడం ఆగిపోయాక వచ్చేవాళ్ళకి మేం చేయగలిగింది ఏమీ ఉండదని వాడికి నాన్న మంచం పక్కన కూర్చున్నప్పుడే తెలిసి ఉండాలి. మనుషులు చూసిందాన్ని కూడా ఎంత తేలిగ్గా పక్కన పెడతారో!

నాన్న ఏడో సంవత్సరీకం వచ్చింది. తెల్లవారకముందే వెళ్ళి వదినకి సాయం చేశాను. ఉడికించిన కోడి, ఎర్రటి బంకన్నం, వెదురుమొలకల పులుసు, మాంసం కూరి వేయించిన నెమ్ చుట్టలు. పదిన్నరకి పెదనాన్న వచ్చాడు. డెబ్భైనాలుగేళ్ళు. ఎంత తాగినా ముఖం రంగు మారదు, మాట తడబడదు. ఆయన ఇద్దరు కొడుకులు, బాంగ్, ఖోవాత్, ఒకప్పటి మా అన్నయ్య లాగే రెండో గిన్నెకే ఎర్రబడతారు. వాళ్ళమ్మ పోలిక.

పెదనాన్న అన్నయ్యకి మూడో గిన్నె పోస్తుంటే నేను చాప దగ్గరికి వెళ్ళాను.

"పెదనాన్నా, వాడికి చాలు. నాన్న రోగం వాడికీ వచ్చేలా ఉంది. రక్తంలో ఉంది."

"అమ్మాయ్, మీ నాన్నకి వచ్చింది అడవిలో సైన్యంలో ఉన్నప్పుడు తిన్న పాడు తిండివల్ల. సారా వల్ల కాదు. సారా వల్లయితే నాకు రావద్దూ?"

"మీకు రాదు. మీ ముఖం ఎర్రబడదు. మీకు రెండు ప్రతులూ మంచివే వచ్చినట్టున్నాయి. నాన్నకి అలా రాలేదు."

చాప మీద అందరూ నవ్వారు. పెదనాన్న కూడా నవ్వాడు. "ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే కుండలో అన్నం. నాకు మంచివి ఇచ్చి, తమ్ముడికి పుచ్చువి ఇచ్చారా మా అమ్మానాన్నలు? మా అమ్మ అలాంటి మనిషి కాదు తల్లీ."

"ఇచ్చేటప్పుడు వాళ్ళు చూసి ఇవ్వరు పెదనాన్నా!"

"ఆసుపత్రిలో పనిచేస్తే సరా? ఇక్కడ పెద్దవాణ్ణి నేను. తండ్రికి పెట్టే రోజున కొడుకు గిన్నె దించితే ఆ తండ్రి ఆకలితో తిరిగిపోతాడు." ఆయనకి కోపం వచ్చింది. గిన్నె నా వైపు తోశాడు. "వాడికి బదులు నువ్వు తాగు. ఒక్కటంటే ఒక్కటి. తాగావా, ఇవాళ్టికే కాదు, ఇంకెప్పుడూ వాణ్ణి అడగను. అందరూ వింటున్నారు."

అన్నయ్య, "వద్దు పెదనాన్నా, దానికి పడదు" అన్నాడు. ఆ మాట నేను ఎన్నిసార్లు వాడి గురించి అన్నానో! ఒక్కసారైనా ఎవరైనా విన్నారా?

అప్పుడు నేను చేసింది తెలివైన పని కాదు. నర్సు చేయాల్సిన పని అసలే కాదు. ఏడేళ్ళ విసుగు ఒక్కసారిగా నెత్తికెక్కింది. గిన్నె తీసుకుని అడుగు కనబడేదాకా తాగేశాను.

ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మెడమీద వేడినీళ్ళు పోసినట్టయింది. గుండె చెవుల్లో కొట్టుకుంది. చేతులు చూసుకుంటే మోచేతులదాకా ఎర్రటి మచ్చలు. లేచి పెరట్లోకి పోదామనుకున్నాను, చాప అంచుకి కూడా చేరలేదు. అక్కడే వాంతి చేసుకుని పక్కకి ఒరిగిపోయాను. చుట్టూ కాళ్ళు కనబడ్డాయి. ఎవరో "తడిగుడ్డ, తడిగుడ్డ" అన్నారు. అన్నయ్య బండి తాళం తీసుకుంటుంటే వదిన లాక్కుని అరిచింది. పదిహేనేళ్ళలో ఆవిడ గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. "నువ్వు తాగి ఉన్నావు! వెనక కూర్చుని దాన్ని పట్టుకో!"

ఆసుపత్రిలో నాకు బీపీ పడిపోయిందని సెలైన్ ఎక్కించి మర్నాటిదాకా ఉంచేశారు. నా వార్డులోనే, నా తోటి నర్సుల ముందే. అంతకంటే సిగ్గు ఇంకోటి లేదు. పొద్దున్నే డాక్టర్ ఖుయె వచ్చి మంచం పక్కన నిలబడింది. ఈసారి కళ్ళజోడు తియ్యలేదు.

"పద్దెనిమిదేళ్ళ అనుభవం! రెండు చెడ్డ ప్రతులున్నాయని నా నోటితో చెప్పాను. చచ్చిపోదామనుకున్నావా?"

"వాడు తాగకుండా ఉండాలని..."

"అందుకని నువ్వు తాగావు. చాలా బాగుంది. రేపు నేను రోగులచేత సిగరెట్లు మాన్పించడానికి ఒక డబ్బా కొనుక్కుని కాలుస్తాను."

ఆమె చికాకుగా వెనక్కి తిరిగింది. వరండా బల్ల మీద అన్నయ్య కూర్చుని ఉన్నాడు. నిన్న వేసుకున్న తెల్లచొక్కానే, దాని మీద నా వాంతి మరక. ముఖం బూడిదరంగులో ఉంది.

"మీరేనా అన్నయ్య? ఏమైనా తిన్నారా?"

"లేదండి. నిన్న మధ్యాహ్నం నుంచి ముద్ద దిగలేదు."

"నీళ్ళు?"

"తెల్లారకముందు రెండు గుక్కలు."

డాక్టర్ ఖుయె గడియారం చూసింది. "అయితే కడుపు ఖాళీయే. లేవండి. మొదటి బల్ల ఖాళీగా ఉంది."

వాడు నా వైపు చూశాడు. సాకు వెతుక్కుంటున్నాడని కళ్ళలోనే తెలిసింది. నా చేతికి ఉన్న సూది, సెలైన్ గొట్టం చూశాడు. లేచాడు. ఒక ఏడాదిపాటు నేను చెప్పిన మాటలన్నీ కలిపి చేయలేని పని, ఒక గిన్నె సారా, ఒక ఖాళీ కడుపు చేశాయి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషం కంటే మంటే ఎక్కువ.

నన్ను లోపలికి రానివ్వలేదు. తరవాత తెర మీద చూపించారు. మామూలుగా చూస్తే అంతా గులాబీరంగులో నున్నగా, తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయోడిన్ చల్లగానే చుట్టూ ముదురు గోధుమరంగుకి తిరిగింది. ఒక చోట మాత్రం, గోరంత మేర, రంగు పట్టకుండా పాలిపోయి మిగిలింది. అలాంటి మచ్చ అంటే క్యాన్సర్ మొదలైనట్టేనని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాన్నది మేం చూసేసరికి గొట్టం పట్టేంత దారి కూడా మిగల్లేదు.

"పైపొరలోనే ఉంది," అంది డాక్టర్ ఖుయె. "హనోయ్‌లో గొట్టంతోనే చెక్కేస్తారు. కోత అక్కర్లేదు. ఇంకో రెండేళ్ళు ఆగుంటే ఈ మాట అనగలిగేదాన్ని కాదు."

మూడు వారాలకి తీసేశారు. అంచులు శుభ్రంగా ఉన్నాయని కాగితం వచ్చింది. జీవితంలో ఇంకెప్పుడూ తాగకూడదనీ, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలనీ చెప్పారు. నేను వరండాలో కూర్చుని ఏడ్చాను. అన్నయ్య పక్కన కూర్చుని, "ఇంతకీ వేడి పులుసు తాగొచ్చా?" అని అడిగాడు.

ఇక్కడితో అయిపోతుందనుకున్నాను. కాలేదు. తాగని మనిషితో గుత్తేదార్లకి ఏం పని? రెండు నెలలకి యజమాని వాణ్ణి లారీలకి ఇటుకలు ఎక్కించే చోట గుమాస్తాగా వేశాడు. జీతం తగ్గింది. ఎండలో నిలబడి ఇటుకలు లెక్కబెట్టే పని. కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజున, "ప్రాణం మిగిల్చావు, సరే. ఇంక అక్కడ నన్ను మనిషిగా చూసేవాళ్ళు లేరు" అన్నాడు. వదిన మాత్రం, "నాలుగింటికి ఇంటికొస్తున్నాడు. పిల్ల లెక్కలు తనే చూస్తున్నాడు" అంది. ఆవిడ ముఖంలో కొత్త కళ వచ్చింది.

అన్నిటికంటే నన్ను విసిగించింది వాడు ఎవరికీ నిజం చెప్పకపోవడం. క్యాన్సర్ అంటే నోరు మెదపడు. జన్యువు అంటే నవ్వుతారట. అందరికీ గౌట్, అంటే కాలి కీళ్ళవాపు, అని చెప్పుకున్నాడు. మా వైపు గౌట్ అంటే బాగా తిని తాగిన పెద్దమనుషుల రోగం. అది ఉందంటే ఎవరూ గిన్నె ఎత్తమని బలవంతం చెయ్యరు, పైగా కాస్త గౌరవం కూడా. ఒకసారి బజార్లో తెలిసినవాళ్ళు ఎదురైతే కుంటడం కూడా చూశాను. "ఏ కాలు?" అన్నాను. వాడికే గుర్తులేదు.

పెదనాన్న ఆ ఏడాదంతా మా గుమ్మం తొక్కలేదు. ఎనిమిదో సంవత్సరీకానికి వచ్చాడు. ఎప్పటిలా పటం ముందు గిన్నెలు నింపాడు, చాప మీదికి వచ్చాడు, సీసా పట్టుకుని అన్నయ్య దగ్గర ఆగాడు. నేను గడపలోంచి చూస్తున్నాను. ఆయనకి అంతా తెలుసు, వదిన చెప్పింది.

"వీడికి గౌట్," అన్నాడు అందరికీ వినబడేలా. "వీడికి టీ పొయ్యండి."

అంతే. క్షమించమనలేదు, నా వైపు చూడలేదు. నేను గీసిన బొమ్మలు, డాక్టర్ ఖుయె చెప్పిన వేల ఏళ్ళ కథ, గొంతులో మచ్చ, ఏదీ ఆ చాప మీద చోటు సంపాదించలేకపోయింది. ఒక అబద్ధపు గౌట్ హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. తరవాత పెరట్లో గిన్నెలు కడుగుతుంటే ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"లువా, మా తమ్ముడికి కూడా అప్పుడు తెలిసుంటే..."

"అప్పుడు మాకూ తెలీదు పెదనాన్నా."

"ఎక్కువ పోసింది నేనే" అనేసి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళిన కాసేపటికి బాంగ్, ఖోవాత్ వచ్చారు. ఇద్దరి ముఖాలూ పండుమిరపకాయలే. బాంగ్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, మాక్కూడా గౌట్ ఉందని ఒక చీటీ రాయించవా?"

"ఏం, నీకు తాగాలని లేదా?"

"ఎప్పుడుందని? ప్రతిసారీ గుండె పగిలిపోతుందేమో అనిపిస్తుంది. మర్నాడు తల ఎత్తలేను. కానీ నాన్న పోస్తుంటే ఎలా వద్దంటాం?"

నలభై దాటిన ఇద్దరు మగవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఇష్టంలేకుండా తాగుతున్నారు, తండ్రికి చెప్పలేక. నాకు వాళ్ళని ఆ కుళాయి కింద తోసెయ్యాలనిపించింది. "చీటీలు లేవు. ముందు గురువారం పొద్దున్న పరగడుపున రండి. ఆ తరవాత కావాలంటే రెండు కాళ్ళకీ గౌట్ రాయిస్తాను" అన్నాను.

వస్తారని అనుకోలేదు. వచ్చారు. బాంగ్ అన్నవాహిక శుభ్రంగా ఉంది. వాడు బయటికి వచ్చి తండ్రికి ఫోన్ చేసి, నిజమే చెప్పాడు. అంతా విని, "తమ్ముణ్ణి కూడా సరిగ్గా చూడమను" అన్నాడట ఆయన.

ఖోవాత్ బల్ల మీద పక్కకి తిరిగి పడుకున్నాడు. నేను గొంతుకి మత్తుమందు చల్లడానికి వంగితే, చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అక్కా, ఒక్క మాట. బీరు కూడా సారా కిందికే వస్తుందా?"

"నోరు తెరువు" అన్నాను.